అగ్నికి అరగంట ముందు

గుమ్మడివలస ఫైరింజను మెట్ట ఎక్కదు. ఈ సంగతి ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఊరికి ఉత్తరాన చిన్న కొండ ఉంది, దాని నెత్తిన మెట్టవీధి ఉంది, మెట్టవీధి నిండా తాటాకిళ్లు ఉన్నాయి. ఏటా ఎండాకాలంలో వాటిలో ఏదో ఒకటి అంటుకుంటుంది. అంటుకున్నప్పుడల్లా ఫైరింజను గంట కొట్టుకుంటూ ఘనంగా బయల్దేరుతుంది, కొండ రోడ్డులో సగం దాకా వెళ్తుంది, అక్కడ నల్లటి పొగ కక్కి ఆగిపోతుంది. కిందటేడు ఆ పొగ చూసి, నిప్పు రోడ్డుకి కూడా పాకిందనుకుని పైనున్నవాళ్లు ఇంకాస్త పైకి పారిపోయారు.

స్టేషన్ ఆఫీసరు మజ్జి తవిటినాయుడికి ఇది చాలా బాధగా ఉండేది. బాధ ఉద్యోగం కోసం మాత్రమే కాదు. కిందటేడు కాలిన ఇళ్లలో ఆయన సొంత అప్ప పారమ్మ ఇల్లు కూడా ఉంది. తమ్ముడు సగం కొండ మీద బండి ఎక్కి నిలబడి తన ఇల్లు కాలడం చూస్తూ ఉంటే, పారమ్మ పైనుంచి తిట్టిన తిట్లని ఆ వీధి ఆడవాళ్లు ఇప్పటికీ అవసరానికి వాడుకుంటున్నారు. ఆ తర్వాత ఆమె నానా తంటాలూ పడి మళ్లీ గోడలు లేపి తాటాకు కప్పుకుంది. ఈ ఏడు ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున్న స్టేషనుకి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఒరే తవిటా, ఈ ఏడైనా నీ బండి ఎక్కుతాదేట్రా? నేకపోతే నాను ఇప్పుడే సామాన్లు సర్దీసుకోవాలా?"

"ఎక్కుతాదప్పా. ఎక్కించీస్తాను."

"కిందటేడూ ఇదే మాట సెప్పినావు. ఆ మాటొక్కటీ కాలనేదు, మిగిలినయన్నీ కాలిపోనాయి" అని పారమ్మ వెళ్లిపోయింది.

ఆ మాట గుచ్చుకుని తవిటినాయుడు వెంటనే బండిని పోలిరాజు షెడ్డుకి తోలించాడు. పోలిరాజు డీజిలు పంపుల మెకానిక్కు. ఘాటు రోడ్డు మీద తిరిగే లారీలన్నీ అతని చేతిలోంచి పోయినవే. అతని మాటలు వింటే డీజిలు ఇంజను కనిపెట్టింది కూడా తనేననీ, మొహమాటం కొద్దీ బయటపెట్టడం లేదనీ అనిపిస్తుంది. ఉత్సాహం ఎక్కువై అప్పుడప్పుడూ ఒకటీ అరా ఇంజన్లు పగలగొట్టేవాడు. వాటిని అతను ట్రయలు అనేవాడు.

పోలిరాజు బానెట్టు ఎత్తించి, ఇంజను స్టార్టు చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస పంపుకీ రెండో కొస చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు.

"పంపు ముసిల్దైపోనాది బాబూ. డీజిలు కొడతంది గాని లేటుగా కొడతంది. పిస్టను పైకొచ్చీసి, అటూ ఇటూ సూసీసి, ఇంక నాబం నేదని దిగిపోతన్నప్పుడు ఈవిడ తీరుబడిగా డీజిలు పోస్తంది. అది కాల్డానికి టైమేదీ? అందుకే పొగ, అందుకే లాగదు."

"మరేటి సేద్దాం?"

"టైమింగు ముందుకి జరపాల. అడ్వాన్సు పెంచాల. ఇగో, పంపుని పట్టుకున్న బోల్టులు సూడండి. ఈ పొడుగు రందరాల్లో అటూ ఇటూ జరుగుతాయి. వొదులు సేసి పంపుని ఇలగ ఒక రవ్వ తిప్పితే డీజిలు బేగి పడతాది. గాని ఇప్పటికే కొసకంటా వొచ్చీసింది, ఇంక సోటు నేదు. గుండ్రటి ఆకురాయి ఎట్టి రందరాన్ని కూసింత సాగదీస్తే సరి. మీరు టీ తాగొచ్చీసరికి అయిపోతాది."

'తియ్యి మరి ఆకురాయి' అనబోయి తవిటినాయుడు ఆగిపోయాడు. బోల్టులకి సన్నటి తీగ చుట్టి ఉంది, తీగకి సీసం ముద్ర వేలాడుతోంది. అది అగ్నిశమన మండలి వారి ముద్ర. దాన్ని తెంపాలంటే పై అనుమతి కావాలి. తవిటినాయుడు అసలే తుమ్ము వచ్చినా అది ఎవరి పరిధిలోకి వస్తుందో ఆలోచించి తుమ్మే మనిషి. రిటైరుమెంటు దగ్గర పడ్డాక ఆ జాగ్రత్త ఇంకా ముదిరింది.

"పర్మిషన్‌కి రాయాల్రా పోలిరాజూ."

"ఆకురాయికి పర్మిషనేటి బాబూ? నాను తుపాకీ అడిగినానా?"

అయినా తవిటినాయుడు రాయడానికే కూర్చున్నాడు. ఆ నెల మండలిలో మాతృభాషా పాలనా మాసం జరుగుతోంది. ఉత్తరంలో ఒక్క ఇంగ్లీషు మాట కనిపించినా ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి కొడుతున్నారు. తవిటినాయుడు నిఘంటువు ముందేసుకున్నాడు. ఫైరింజనుకి 'అగ్నిశమన శకటము' సులువుగానే దొరికింది. డీజిలు కొట్టే ఆ పంపుని ఇంజెక్షను పంపు అంటారు, ఇంజెక్షనుకి 'సూదిమందు' దొరికింది. సూదిమందు పంపు అని రాస్తే కాగితం పశువుల ఆసుపత్రికి పోతుందేమోనని భయపడి ఆ ముక్క కొట్టేశాడు. టైమింగుకి 'సమయము' దొరికింది. అడ్వాన్సుకి 'ముందుకు జరుపుట' తనే కల్పించుకున్నాడు. చివరికి ఉత్తరం ఇలా తేలింది:

'అయ్యా, గుమ్మడివలస అగ్నిశమన శకటము ఆలస్యముగా పనిచేయుచున్నందున, దాని సమయమును కొంత ముందుకు జరుపుటకు అనుమతి దయచేయ ప్రార్థన. అట్లు జరిపినచో శకటము మెట్టవీధికి చేరగలదు.'

రాసింది మరోసారి చదువుకుంటే తవిటినాయుడికి కళ్లు చెమ్మగిల్లాయి. తన భాష ఇంత బాగుంటుందని ఆయనకి అంతవరకు తెలియదు.

ఏ ఉత్తరానికైనా జవాబు రావడానికి ఒక వర్షాకాలం పట్టే ఆ మండలి నుంచి, ఈ ఉత్తరానికి వారం తిరక్కుండా కబురొచ్చింది. జిల్లా అధికారి గరుడాచలం గారు స్వయంగా రమ్మన్నారు.

గరుడాచలం గారు అప్పుడే రాజధానిలో 'ముందస్తు పాలన' అనే శిక్షణ ముగించుకుని వచ్చి ఉన్నారు. జరగబోయేదాని కోసం కాచుకుని కూర్చోవడం పాతకాలపు పాలన, జరక్కముందే దాని సంగతి తేల్చేయడం కొత్త పాలన అని అక్కడ చల్లటి గదిలో కూర్చోబెట్టి చెప్పారట. ఆ మాటకి తగ్గ పని ఎక్కడా దొరక్క ఆయన కొట్టుకుపోతున్న సమయంలో తవిటినాయుడి ఉత్తరం బల్ల మీదికి వచ్చింది.

"రండి నాయుడుగారూ, రండి! ఈ మండలి పుట్టినప్పటినుంచీ ఏం చేస్తోంది? నిప్పు ముందు, మనం వెనక. ఎంత అవమానకరమైన పరిస్థితి! శకటం సమయాన్నే ముందుకు జరిపితే పోలేదా అన్న ఆలోచన ఇన్నాళ్లూ ఏ మేధావికీ తట్టలేదు. మీకు తట్టింది."

తవిటినాయుడికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కంగారుగా అడ్డుపడ్డాడు.

"సార్, నేను చెప్పింది అది కాదండి. పంపు సార్..."

"పంపించేశాం! నిన్ననే రాజధానికి పంపించేశాం."

"అది కాదు సార్. పంపు, కొంచెం తిప్పి..."

"తిప్పి పంపరు. ఇంత మంచి ప్రతిపాదనని తిప్పి పంపే ధైర్యం అక్కడ ఎవరికుంది?"

తవిటినాయుడు మూడోసారి నోరు తెరిచేలోగా భుజాల మీద శాలువా పడింది. గుమాస్తాలు చప్పట్లు కొట్టారు, ఎవరో ఫోటో తీశారు. సర్వీసు మొత్తం మీద ఆయనకి మెమోలు ఇచ్చినవాళ్లే గాని శాలువా కప్పినవాళ్లు లేరు. ఒంటి మీద శాలువా ఉండగా, ఇది మీరు తప్పుగా అర్థం చేసుకున్నారని చెప్పడం మహా కష్టం. తవిటినాయుడు చెప్పలేదు. వెచ్చగా ఉందనిపించి అలాగే బస్సెక్కి ఊరొచ్చేశాడు.

ఆయన వెనకాలే ఉత్తర్వు కూడా వచ్చింది. 'ఇందుమూలముగా సమస్త అగ్నిశమన శకటములును అగ్నిప్రమాదమునకు కనీసం అరగంట ముందుగా ప్రమాదస్థలమునకు చేరవలెను. ప్రమాదము సంభవించిన పిదప చేరిన శకటములను ఆలస్యముగా వచ్చినట్లు పరిగణించి సిబ్బందిపై తగు చర్య తీసుకొనబడును. గుమ్మడివలస కేంద్రమును ఆదర్శ కేంద్రముగా ప్రకటించడమైనది.' నిప్పు ఎక్కడ పుడుతుందో ముందే ఎలా తెలుస్తుందని ఎవరో అమాయకుడు అడిగినట్టున్నాడు. రెండోరోజే ఇంకో కాగితం వచ్చింది. ప్రజలు తమ తమ అగ్నిప్రమాదాలను ముందుగా దరఖాస్తు ద్వారా తెలియజేసుకోవాలి. తెలియజేయని ప్రమాదాలు అనధికార ప్రమాదాలు. వాటికి మండలి బాధ్యత వహించదు.

తవిటినాయుడు ఆ కాగితాలు రెండూ గోడకి అంటించి, ఎదురుగా కూర్చుని దిగులుపడుతుండగా ఫోను మోగింది.

"ఫైరు స్టేషనేనా? గడ్డికుప్ప అంటుకుపోనాది బాబూ, బేగి రండి!"

తవిటినాయుడు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. గోడ కనిపించింది. మళ్లీ కూర్చున్నాడు.

"ఎప్పుడు అంటుకుంది?"

"ఇప్పుడే!"

"ఇప్పుడే అంటుకుంటే, మేం వచ్చేసరికి ఆలస్యమైపోతాది కదా. అరగంట ముందు చెప్పకపోయావా?"

"అరగంట ముందు నాను అన్నం తింతన్నాను బాబూ!"

"అదే మీతో చిక్కు" అన్నాడు తవిటినాయుడు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆయనకే అనుమానం వేసింది. బయట డ్రైవరు సన్యాసి బండి స్టార్టు చేసి, ఎల్దామా బాబూ అని కేకేస్తున్నాడు. తవిటినాయుడు చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ మధ్యాహ్నం ఆయనకి అన్నం సయించలేదు.

అయితే గుమ్మడివలస జనం తెలివైనవాళ్లు. ప్రభుత్వం ఏం చేసినా అందులో తమకి పనికొచ్చే ముక్క ఏదో వెతుక్కునే అలవాటు వాళ్లకి తరతరాలుగా ఉంది. కోమటివీధిలో ఒకాయన కూతురి పెళ్లికి నీళ్ల కరువొచ్చింది. ఆయన స్టేషనుకి వచ్చి, ఫలానా గురువారం తమ ఇంట అగ్నిప్రమాదం జరిపించ నిశ్చయించినట్టూ, తామెల్లరూ సకాలంలో విచ్చేయాల్సిందిగానూ దరఖాస్తు పెట్టుకున్నాడు. బండి అరగంట ముందే వెళ్లింది. వంటవాళ్ల గంగాళాలన్నీ నింపింది, సన్యాసి రెండు విస్తళ్లు ఖాళీ చేశాడు, నిప్పు మాత్రం రాలేదు. స్టేషనుకి తిరిగొచ్చాక ఏం రాయాలో తోచక తవిటినాయుడు జిల్లాకి ఫోను చేశాడు.

"నిప్పు రాలేదా?" అన్నారు గరుడాచలం గారు ఉద్వేగంతో. "ఎందుకొస్తుంది? మనం ముందే వెళ్లి కూర్చుంటే దానికి రావడానికి మొహం ఎక్కడిది? ఒక ప్రమాదం నివారించబడింది అని రాయండి."

ఇక అక్కణ్నుంచి గుమ్మడివలసలో ప్రమాదాలు కుప్పతెప్పలుగా నివారించబడ్డాయి. గేదెలు కడగాల్సిన చోట, గోడలు తడపాల్సిన చోట, నాట్లు ఎండిపోతున్న చోట జనం నిప్పుకి దరఖాస్తు పెట్టారు. అంతటా ఫైరింజను వెళ్లింది, ఎక్కడా నిప్పు రాలేదు. అసలు అంటుకున్న ఇళ్లేమో అనధికారం కాబట్టి లెక్కలోకే రాలేదు. మండలి చరిత్రలో ఇంతటి విజయం లేదని రాజధానిలో చెప్పుకున్నారు.

ఈ సంగతి మెట్టవీధికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. పారమ్మ ఈసారి స్టేషను లోపలికే వచ్చింది.

"ఊరందరిళ్లకీ ఎల్తన్నాదంట నీ బండి. నాకూ ఓ దరకాస్తు రాయి."

"అప్పా, నీ దగ్గర దాపరికమెందుకు. బండి మెట్ట ఎక్కదు. పంపు తిప్పాల, దానికి పర్మిషను రావాల."

"పర్మిషనిచ్చీసినారనే గదరా శాలువా కప్పినారు?"

"అది వేరే పర్మిషనప్పా."

పారమ్మ తమ్ముడి ముఖంలోకి తేరిపార చూసింది. "సిన్నప్పుడు నిన్ను సంకనెట్టుకుని ఈ మెట్ట నానే ఎక్కీదాన్ని. నాకెవరూ పర్మిషనివ్వనేదు" అని, తమ్ముడి చేతే దరఖాస్తు రాయించి, దాని మీద వేలిముద్ర వేసి వెళ్లిపోయింది.

తవిటినాయుడికి ఆ పూట పౌరుషం వచ్చింది. పౌరుషం ఉండగానే పని కానివ్వాలని జిల్లాకి ఫోను చేశాడు.

"సార్, మెట్టవీధి దరఖాస్తు వచ్చింది. బండి ఎక్కదండి."

"ఎందుకెక్కదు? ఆలస్యంగా వెళ్లేవాడికి హడావుడి. మనది ముందస్తు శకటం. కావలిస్తే ఒకరోజు ముందే బయల్దేరి మెల్లగా ఎక్కండి."

"మెల్లగా కూడా ఎక్కదు సార్. నీళ్ల బరువుకి ఇంజను లాగటం లేదు."

"నీళ్లా?" గరుడాచలం గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "మనం చేరేసరికి నిప్పు ఉండదు కదా నాయుడుగారూ, నీళ్లెందుకు? నీళ్లు మోసుకు తిరగడం వెనకటి పద్ధతి."

తవిటినాయుడు అందులో తప్పేమిటో వెంటనే పట్టుకోలేకపోయాడు. పట్టుకునేసరికి అవతల ఫోను పెట్టేశారు.

ట్యాంకు ఖాళీ చేస్తే బండి నిజంగానే మెట్ట ఎక్కింది. పొగ కక్కుతూ, మూలుగుతూ, మొత్తానికి ఎక్కింది. దాంతో గరుడాచలం గారికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. మండలి అధ్యక్షులవారిని మెట్టవీధికే పిలిచి ముందస్తు పాలన చూపించాలని నిర్ణయించారు. వీధి మొదట్లో ఒక నమూనా పాక వేస్తారు. శకటం ముందురోజే వెళ్లి దాని పక్కన నిలబడుతుంది. మర్నాడు పదకొండు గంటలకి అధ్యక్షులవారు స్వహస్తాలతో పాక అంటిస్తారు. శకటం ముందొచ్చిందని రుజువు కావాలంటే వెనకాల నిప్పు రావాలి కదా అని గరుడాచలం గారి వాదం.

"ఆర్పడం ఎలా సార్?" అన్నాడు తవిటినాయుడు.

"కార్యక్రమంలో ఆర్పడం లేదు. చేరడం వరకే."

"చుట్టూ తాటాకిళ్లు సార్. మా అప్ప ఇల్లు ఆ పక్కనే. బడి మైదానంలో పెట్టుకుందాం, దండం పెడతాను."

"మెట్టవీధి అని మీ ఉత్తరంలో మీరే రాశారు. రికార్డు మార్చలేం" అన్నారు గరుడాచలం గారు.

కార్యక్రమం రోజున ఫైరింజనుకి బంతిపూల దండలు కట్టారు. నమూనా పాక చూడముచ్చటగా ఉంది, మెట్టవీధి ఇళ్లకంటే బాగుంది. జనం పొద్దున్నే వచ్చేశారు, అధికారులు అంతకంటే ముందే వచ్చేశారు. రావలసినవాళ్లలో ఇంక అధ్యక్షులవారు ఒక్కరే మిగిలారు. తవిటినాయుడు మాత్రం గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుంటూ పాకకీ పారమ్మ ఇంటికీ మధ్య పచార్లు చేస్తున్నాడు. పదిన్నర దాటాక కొండ కింద కారు హారను వినిపించింది. అధ్యక్షులవారి రాక చూసి ఎవరో ఉత్సాహవంతుడు స్వాగతం కోసం తెచ్చిన టపాకాయల పేట అంటించాడు. అందులో ఒకటి ఎగిరి వెళ్లి నమూనా పాక మీద పడింది.

పాక భగ్గుమంది. గరుడాచలం గారు గడియారం చూసుకున్నారు.

"ఇంకా టైము కాలేదే! ఎవరయ్యా అంటించింది? ఆపండి! అధ్యక్షులవారు రాందే ఎలా మొదలవుతుంది?"

నిప్పుకి ఈ మర్యాదలేవీ తెలియవు. గాలి కూడా దానికే సాయం పట్టింది. పాక నుంచి తాటాకులు మండుతూ లేచి వరసగా ఉన్న ఇళ్ల మీద వాలాయి. జనం కేకలు వేస్తూ ఫైరింజను మీద పడ్డారు. సన్యాసి గొట్టం అందుకుని, ఖాళీ సంగతి మరిచిపోయి వాల్వు తిప్పాడు. గొట్టం రెండుసార్లు దగ్గి గుప్పెడు దుమ్ము ఊసింది.

తవిటినాయుడు టోపీ పారేసి కావిళ్లతో, బిందెలతో పరిగెత్తేవాళ్లలో కలిశాడు. మెట్టవీధి జనానికి ఈ పని కొత్త కాదు. సగంమంది నీళ్లు అందించారు, సగంమంది దోటీలతో అంటుకోని కప్పుల మీది తాటాకు లాగి కింద పడేశారు. మనుషులకేమీ కాలేదు. నాలుగైదు ఇళ్లు పోయాయి. అందులో మొదటిది పారమ్మది. నిప్పు అణిగాక తవిటినాయుడు కాలిన చేతులతో వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు. ఎన్ని తిట్టినా పడదామనే వెళ్లాడు. పారమ్మ తిట్టలేదు. బూడిదలోంచి ఒక సత్తు గిన్నె తీసి, అది పనికొస్తుందో లేదో చూసుకుంటూ కూర్చుంది. ఆయనకి ఏడుపొచ్చింది. యూనిఫాంలో ఉండి ఏడవకూడదన్న నియమం ఉందేమోనని కూడా ఆ క్షణాన ఆయన ఆలోచించలేదు.

రాజధానికి నివేదిక ఇలా వెళ్లింది: 'శకటము ప్రమాదమునకు ఒకరోజు ముందుగానే స్థలమునకు చేరియున్నది. లక్ష్యము సంపూర్ణముగా సిద్ధించినది. కాగా ప్రమాదమే నిర్ణీత సమయమునకు ముందుగా సంభవించి కార్యక్రమమునకు భంగము కలిగించినది.' అధ్యక్షులవారు మెచ్చుకున్నారు. గరుడాచలం గారికి పురస్కారం ప్రకటించారు.

తవిటినాయుడు ఇంకో ఉత్తరం రాశాడు. ఈసారి నిఘంటువు జోలికి పోలేదు. 'సార్, ఇంజెక్షన్ పంపు టైమింగ్ రిటార్డ్ అయింది. సీలు తీసి, పంపు స్లాటు ఆకురాయితో సాగదీసి అడ్వాన్సు పెంచితే ట్యాంకు నిండా నీళ్లతో బండి మెట్ట ఎక్కుతుంది. నేను మొదట అడిగింది ఇదే. అనుమతి ఇవ్వండి' అని, ఇంగ్లీషు మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టే దించేశాడు.

దీనికి ఇంకా వేగంగా జవాబు వచ్చింది. 'మీరు మండలి ముద్రను తొలగించి శకటపు భాగమును ఆకురాయితో అరగదీయు ఉద్దేశము కలిగియున్నట్లు మీ లేఖ వలన తేటతెల్లమగుచున్నది. ముందస్తు పాలనా సూత్రముల ననుసరించి, సదరు నేరమునకు మిమ్ములను, నేరము జరుగకముందే సస్పెండు చేయడమైనది.'

తవిటినాయుడు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఇన్నేళ్ల సర్వీసులోనూ ఏ కాగితం వచ్చినా దడదడలాడే గుండె ఈసారి నింపాదిగా ఉంది. ఆలోచించి చూస్తే ఇందులో భయపడాల్సిందేమీ మిగల్లేదు. శిక్ష అయిపోయింది. నేరమే బాకీ ఉంది.

యూనిఫాం విప్పేసి, లుంగీ మీద చొక్కా తొడుక్కుని స్టేషనుకి వెళ్లాడు. సన్యాసి బండి పక్కన బీడీ కాలుస్తున్నాడు.

"బాబూ, మిమ్మల్ని ససుపెండు సేసీసినారంట గదా?"

"నన్నే చేశారు, బండిని చెయ్యలేదు. తాళం తియ్యి."

సన్యాసి దానిలో న్యాయం ఉందనుకుని తాళం తీశాడు. షెడ్డులో పోలిరాజు ఎదురొచ్చి, అయితే పర్మిషనొచ్చీసిందా అని అడిగాడు.

"పర్మిషన్ కంటే పెద్దదే వచ్చింది. కటింగు ప్లేయరు ఇలా తే."

సీసం ముద్రని తవిటినాయుడు తన చేత్తోనే తెంపాడు. ఇంతకాలం అంత భయపెట్టిన వస్తువు పుటుక్కుమని తెగి నూనె మరకలో పడింది. పోలిరాజు పంపు విప్పి, రంధ్రాలు అరగదీసి, మళ్లీ బిగించి, ఒక రవ్వ ముందుకి తిప్పి స్టార్టు చేశాడు. పొగ పలచబడింది. ఇంకో రవ్వ తిప్పాడు. ఇంజను గొంతు మారింది, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకమంది.

"ఇంకొక్క రవ్వ బాబూ! మెట్టేటి, మేగాలెక్కించీస్తాను!"

"ట్రయలు వద్దురా నాయనా! మరీ ముందుకెళ్తే ఏమవుతుందో చూశాం కదా. వెనక్కి తే."

పోలిరాజు నొచ్చుకుంటూనే వెనక్కి తెచ్చాడు. టకటక తగ్గింది. చెరువు దగ్గర ట్యాంకు నింపుకుని బండి కొండ దారి పట్టింది. సగం కొండ దగ్గర, ఎప్పుడూ ఆగే చోట, సన్యాసి కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయింది. తవిటినాయుడు ఆ కాలి మీద ఒక్కటి చరిచాడు. ఇంజను గట్టిగా ఒక ఊపిరి తీసి, నీళ్లు తొణుకుతుంటే, ఆ మలుపు దాటి పైకి ఎక్కేసింది.

మెట్టవీధిలో కాలిన చోట కొత్తగా గోడలు లేపుతున్నారు. పారమ్మ చీర కుచ్చెళ్లు బిగించి మట్టి పోగు పక్కన నిలబడి ఉంది. బండిని చూసింది, లుంగీలో దిగుతున్న తమ్ముణ్ని చూసింది.

"అంతా కాలిపోనాక ఇప్పుడొచ్చినావేటిరా?"

"మళ్లీ అంటుకునీలోగా వొచ్చీసినానప్పా" అన్నాడు తవిటినాయుడు. అన్నాక తలొంచుకున్నాడు.

పారమ్మ బండి దగ్గరకి నడిచి, నమ్మకం లేనట్టు ట్యాంకుని అరచేత్తో కొట్టి చూసింది. నిండు చప్పుడు వచ్చింది.

"నీళ్లేట్రా?"

"నీళ్లే."

"ఒలే, బిందెలు తెండర్రా!" అని పారమ్మ వీధిలోకి కేకేసింది. తమ్ముడి వైపు తిరిగి మట్టి పోగు చూపించింది. "సూస్తావేటి, దిగు. గోడకి మట్టి తొక్కాల."

తవిటినాయుడు లుంగీ పైకి కట్టి మట్టిలోకి దిగాడు.